బొక్క అతికే లోపే డయాలసిస్‌కు తయారు కావాలె



మేం నలుగురం ఒకే హాస్టల్ రూములో ఉంటం. కట్టంగూర్ చుట్టుపక్కల తండాల పిల్లలం. మా నలుగురి ఇండ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకరి పెద్దమ్మ ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నది. "నా పేరు రాయకుండ్రి, సంగతి మాత్రం అందరికీ చెప్పుండ్రి" అని ఆమెనే అన్నది. అందుకే రాస్తున్నం. జాలి కోసం కాదు.

మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. కిడ్నీలు దెబ్బతిన్న మనిషి బొక్క విరిగో, పక్షవాతం వచ్చో దవాఖానలో పడుకొని మెల్లగ కోలుకుంటున్న రోజులు ఉంటయి కదా. డయాలసిస్‌కు తయారు కావడానికి అసలైన రోజులు అవే. మనం వాటిని ఊరికే పోగొడుతున్నం. మేం పోగొట్టినం. మీరు పోగొట్టొద్దు.

ముందు జరిగింది చెప్తం.

పెద్దమ్మకు ఇంకా అరవై ఏండ్లు నిండలేదు. షుగరు, బీపీ పదేండ్ల సంది ఉన్నయి. మోకాళ్ల నొప్పులకు ఊర్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు, గోళీలు. పోయిన వానాకాలం బాయికాడ జారిపడి తుంటి బొక్క విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేసిండ్రు. ఆ తర్వాత నడక నేర్పడానికి, ఫిజియోథెరపీ కోసం ఇంకో ఐదు వారాలు ఉంచుకున్నరు. వాకర్ పట్టుకొని ఆమె మొదటి నాలుగు అడుగులు వేసిన వీడియో తండా మొత్తం తిరిగింది. అందరం సంబురపడ్డం.

ఆపరేషన్‌కు ముందు చేసిన రక్త పరీక్షలో క్రియాటినిన్ 3.8 ఉన్నది. మామూలు మనిషికి ఒకటి చుట్టుపక్కల ఉండాలె. డిశ్చార్జి కాగితంలో కింది నుంచి రెండో లైనులో ఇంగ్లీషులో రాసి ఉన్నది, కిడ్నీ డాక్టర్‌కు చూపించుకోవాలని. ఆ ఫైలు చంకలో పెట్టుకొని తిరిగింది మాలో ఒకడే. డిగ్రీ చదువుతున్నోడు. ఎక్స్‌రే చూసినం, బిల్లు చూసినం, ఆరోగ్యశ్రీ సంతకాలు చూసినం. ఆ ఒక్క లైను చదవలేదు. నోటితోని చెప్పకపోవడం ఆ దవాఖాన వాళ్ల తప్పు. చదువొచ్చి కూడా చదవకపోవడం మా తప్పు.

నాలుగు నెలలు కాంగనే ఒక రాత్రి పెద్దమ్మకు పండుకుంటే ఊపిరి ఆడలేదు. కాళ్లు, మొహం ఉబ్బినయి. 108 వచ్చేసరికి మనిషి నీలంగ అయింది. తెల్లారేలోపు మెడ నరంలోకి పైపు వేసి మిషన్ మీద పెట్టిండ్రు. బతికింది. కానీ ఆ పైపు కాడ చీము పట్టి రెండుసార్లు చలిజ్వరం వచ్చింది. చేతికి ఫిస్టులా వేద్దామని చూస్తే ఎడమ చేతి నరాలు పనికిరావన్నరు. తుంటి ఆపరేషన్ అప్పుడు, ఆ తర్వాత ఐదు వారాలు, సెలైన్ సూదులు మార్చి మార్చి గుచ్చింది ఆ చేతికే. మణికట్టు నుంచి మోచేయి దాకా నరాలు తాళ్ల లెక్క గట్టిపడ్డయి.

ఇది ఎందుకంత పెద్ద సంగతో తెల్వాలంటే డయాలసిస్ ఎట్ల చేస్తరో తెల్వాలె. మనలో చాలామంది అదేదో ఒక మిషన్ అనుకుంటరు, పోయి పడుకుంటే అయిపోతది అనుకుంటరు. మిషన్ సగమే. రక్తం బయటికి తీసి, వడకట్టి, మళ్లీ ఒంట్లోకి పంపాలె. నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం ఆగకుండా పారాలె. ఒక్కోసారి నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. నాలుగు గంటల్లో మిషన్ 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు వాడుకుంటది. సెలైన్ పెట్టే మామూలు నరం అంత పారుడుకు తట్టుకోదు. అందుకే చేతిలో మంచి రక్తం మోసే ధమనిని తీసుకపోయి పక్కనున్న సిరకు కలిపి కుడతరు. దాన్నే ఫిస్టులా అంటరు. ధమని జోరుకు ఆ సిర మెల్లగ లావైతది, గోడ గట్టిపడతది. అప్పుడు దాంట్లోకి రెండు పెద్ద సూదులు గుచ్చి డయాలసిస్ చేస్తరు. ఫిస్టులా మంచిగ పట్టిందంటే దాని మీద వేలు పెడితే జుమ్ జుమ్ అని తెలుస్తది.

డయాలసిస్ చరిత్ర చదివితే మాకు ఇదే కనబడ్డది. మనుషుల మీద పని చేసే మిషన్‌ను 1943లోనే నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే డాక్టర్ తయారు చేసిండు. కానీ కిడ్నీలు పూర్తిగా పోయినోళ్లను ఏండ్ల తరబడి బతికించడం అప్పుడు కాలేదు. ప్రతిసారి కొత్త నరం కోయాలె, నరాలు అయిపోతే మనిషి అయిపోయినట్టే. 1960లో అమెరికాలోని సియాటెల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి పెట్టి ఉంచే గొట్టం తెచ్చిండు. 1966లో న్యూయార్క్ డాక్టర్లు బ్రెషియా, సిమినో, వాళ్ల తోటి సర్జన్ కలిసి మణికట్టు దగ్గర ఫిస్టులా పద్ధతిని లోకానికి చెప్పిండ్రు. మిషన్ వచ్చిన 23 ఏండ్లకు గానీ మంచి దారి దొరకలేదన్నట్టు. ఇప్పుడు మిషన్ మన జిల్లాల్లోకే వచ్చింది. దారి మాత్రం మన చేతిలోనే ఉన్నది, అది కూడా పేషెంటు ఎడమ చేతిలో. దాన్ని మనమే తెల్వక పాడు చేసుకుంటున్నం.

ఫిస్టులా కుట్టినంక వెంటనే వాడలేరు. అది పండడానికి కనీసం నెల, నెలన్నర, చాలామందికి రెండు మూడు నెలలు పడతది. తుంటి బొక్క అతకడానికి కూడా దాదాపు అంతే కాలం. అంటే రెండు ఎదురుచూపులూ ఒక్కసారే నడవొచ్చు. ఒక దిక్కు బొక్క అతుకుతుంటే ఇంకో దిక్కు చేయి పండుతది. కిడ్నీ డాక్టర్ ఆ ఐదు వారాల్లో ఒక్కసారి చూసి ఉంటే మా పెద్దమ్మ సంగతి వేరే ఉండేదని మేం నమ్ముతున్నం. కిడ్నీలు మళ్లీ మంచిగ అయ్యేటివని అనట్లేదు. అర్ధరాత్రి మెడకు పైపు వేసే గతి తప్పేది అంటున్నం.

అందుకే మన ఇంట్లో ఎవరన్న ఏ కారణంతోనైనా దవాఖానలో పడుకుంటే, షుగరు గానీ బీపీ గానీ ఉన్న మనిషైతే, మనం అడగాల్సినవి, చెయ్యాల్సినవి ఇవి. డాక్టర్లను అడిగి, చదివి రాసుకున్నం.

1. క్రియాటినిన్ ఎంత, ఈజీఎఫ్ఆర్ ఎంత అని అడిగి ఫోన్లో ఫోటో తీసుకోవాలె. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గిందంటే కిడ్నీ డాక్టర్‌ను కలవాల్సిందే. 15 కంటే తగ్గిందంటే డయాలసిస్ మాట దగ్గరికొచ్చినట్టు.

2. కిడ్నీ బాగలేదని తెలిసిన రోజు నుంచే ఒక చేతిని కాపాడాలె. కుడిచేతి వాటం ఉన్నోళ్లకు మామూలుగా ఎడమ చేయి. ఆ చేతికి సెలైన్ వద్దు, రక్తం తియ్యొద్దు. సూది వెయ్యాల్సొస్తే ఇంకో చేతి వెనుక భాగంలో, అరచేతికి అవతలి దిక్కు వెయ్యమని నర్సమ్మను అడగాలె. మంచం తలకాడ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాలె. డ్యూటీ మారినప్పుడల్లా కొత్తగా వచ్చినోళ్లకు చెప్పాలె. పక్షవాతంతోని ఒక చేయి పడిపోయినోళ్లకు ఏ చేయి కాపాడాలనేది డాక్టరే చెప్పాలె, మనం సొంతంగ అనుకోవద్దు.

3. ఫిజియోథెరపీ చేసేటాయనకు కిడ్నీ సంగతి చెప్పాలె. వాకర్ పడితే బరువంతా చేతుల మీద పడతది. ఫిస్టులా కుట్టిన కొత్తలో ఆ చేయి మీద ఎంత బరువు వెయ్యాలె, ఎప్పటి నుంచి వెయ్యాలె అని సర్జన్‌ను, ఫిజియోను ఇద్దరినీ అడగాలె. గాయం మానినంక మెత్తటి బంతి పిసికే వ్యాయామం నేర్పిస్తరు. డయాలసిస్ మొదలైతే ఆ రోజు మనిషి పీల్చి పిప్పి అయినట్టు ఉంటది, కాబట్టి నడక వ్యాయామం డయాలసిస్ లేని రోజు పెట్టుమని అడగొచ్చు.

4. హెపటైటిస్ బీ టీకా. డయాలసిస్‌లో రక్తం బయటికి వచ్చి పోతది కాబట్టి ఇది ముందే పడాలె. కిడ్నీ పేషెంట్లకు మామూలు కంటే రెండింతల డోసు, ఆరు నెలల్లో నాలుగుసార్లు ఇస్తరు. ఆలస్యంగ మొదలుపెడితే ఆలస్యంగనే పూర్తయితది.

5. నొప్పి గోళీలు. బొక్క విరిగినోళ్లకు నొప్పి ఉంటది, నిజమే. కానీ డైక్లోఫెనాక్ లాంటి గోళీలు, సూదులు మిగిలిన కిడ్నీని కూడా తింటయి. కిడ్నీ సంగతి చెప్పి, దానికి పనికొచ్చే మందే రాయించుకోవాలె. ఇంటికొచ్చినంక ఆర్ఎంపీకి కూడా అదే చెప్పాలె.

6. వేరే దారి ఉన్నదా అని అడగాలె. కడుపులోకి చిన్న గొట్టం వేసి, రోజుకు మూడు నాలుగుసార్లు మందు నీళ్లు నింపి తీసే పద్ధతి ఒకటున్నది. ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ శుభ్రమైన జాగ, చేతులు కడుక్కునే అలవాటు, నేర్చుకున్న మనిషి కావాలె. అసలు డయాలసిస్ వద్దు, మందులతోనే ఉంటనని అనుకునే హక్కు కూడా పేషెంటుకు ఉన్నది. ఏది అనుకున్నా నిమ్మళంగ ఆలోచించుకునే టైం దొరకాలె. అర్ధరాత్రి ఆయాసంలో ఎవరూ ఆలోచించలేరు.

ఇప్పుడు ఈ లిస్టులో ఏ డాక్టరూ చెప్పని సంగతి ఒకటి. గాజులు.

మన గ్రూపులో కోయ, గోండు, చెంచు, ఎరుకల మిత్రులు ఉన్నరు కాబట్టి చెప్తున్నం. మా లంబాడోళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లకు మణికట్టు నుంచి మోచేయి దాకా, మళ్లీ మోచేయి పైన కూడా తెల్ల గాజులు ఉంటయి. మోచేయి పైన తొడిగేటివి పెనిమిటి ఉన్నదానికి గుర్తు. ఆయన పోయిన రోజే అవి తీస్తరు. ఫిస్టులా చేతికి ఏదీ బిగుతుగా ఉండొద్దు. గాజు లేదు, గడియారం లేదు, బీపీ పట్టీ లేదు. ఎడమ చేయి పనికిరాలేదు కాబట్టి పెద్దమ్మకు కుడి చేతికి ఫిస్టులా వేస్తమన్నరు, మోచేయి పైన. ఆ చేతి గాజులన్నీ తియ్యుమన్నరు. ఎందుకో చెప్పలేదు.

పెద్దమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "మీ పెద్దనాయిన ఉన్నట్టా, పోయినట్టా?" అని మా గోర్ భాషలో అడిగింది. నర్సుకు అర్థం కాలేదు, మొండిది అనుకున్నది. ఆఖరికి పెద్దనాయిననే వచ్చి మంచం మీద కూసొని, సబ్బు నీళ్లు పెట్టి ఒక్కొక్క గాజు తన చేతితోనే తీసిండు. రుమాలులో మూట కట్టి ఆమె దిండు కింద పెట్టిండు. "నేనే తీసిన, నేను బతికే ఉన్న" అన్నడు. అప్పుడు ఒప్పుకున్నది.

ఇది మూఢనమ్మకం అని నవ్వేటోళ్లు ఉంటరు. మేం అట్ల అనుకోవట్లేదు. ఆ ఐదు వారాల్లో ఎవరన్న ఆమె భాషలో కూసొని చెప్పి ఉంటే, ఇంట్లో పెద్దలతోని మాట్లాడుకునే టైం ఇచ్చి ఉంటే, అంత ఏడుపు ఉండేది కాదు. తయారు కావడమంటే నరం ఒక్కటే కాదు, మనసు కూడా. ఈ పని మన భాష వచ్చినోళ్లు తప్ప ఎవరూ చెయ్యలేరు.

ఇది ఒక్క మా తండా గోస కాదు. విజయవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు మండలం ఉన్నది. అక్కడి తండాల్లో మన లంబాడోళ్లే కిడ్నీ జబ్బుతోని ఏండ్ల సంది చస్తున్నరు. శ్రీకాకుళం ఉద్దానం సంగతి అందరికీ తెలుసు. అక్కడ జనం కొట్లాడంగ కొట్లాడంగ 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల దవాఖాన, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచిండ్రు. మన నల్లగొండ పేరు ఫ్లోరైడ్‌తోని లోకానికి తెలిసింది. ఫ్లోరైడ్ ముఖ్యంగ బొక్కలను, పండ్లను తింటది. ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే, అవి బలహీనమైతే అది ఒంట్లో ఇంకా ఎక్కువ నిలుస్తది. అంటే బొక్క విరిగిన మనిషికి కిడ్నీ పరీక్ష చూడాల్సిన అవసరం మన దగ్గర ఇంకా ఎక్కువ.

మేం ఈ మాట హాస్టల్లో అంటే వచ్చిన జవాబులు రెండు.

ఒకటి, "డయాలసిస్ అని ముందే చెప్తే మనిషి సగం అక్కడే చస్తది." మా ఇంటి పెద్దలు కూడా ఇదే అన్నరు. కానీ చెప్పకపోతే ఏమైందో చూసినం కదా. మెడలో పైపు దిగుతున్నప్పుడు తెల్వడం కంటే, పక్కన కూసొని చేయి పట్టుకొని చెప్పినప్పుడు తెల్వడం మేలు. ఇంకోటి, ఫిస్టులా వేయించుకున్నంత మాత్రాన రేపే డయాలసిస్ మొదలుపెట్టాలని లేదు. అవసరం పడ్డప్పుడు తలుపు తీసి ఉంటది, అంతే.

రెండోది, "ఇది సర్కారు పని, మనం చదువుకోవాలె." సర్కారు పనే. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉన్నది. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు చేసిండ్రు. జిల్లా దవాఖానల్లో పేదలకు ఉచిత డయాలసిస్ కోసం కేంద్రం 2016లో జాతీయ కార్యక్రమం పెట్టింది. డయాలసిస్ పేషెంట్లకు మన రాష్ట్రంలో నెలకు 2,016 రూపాయల పింఛను ఇస్తున్నరు. అదే ఆంధ్రలో 10,000 రూపాయలు. ఈ తేడా గురించి మన సంఘాలు ఎందుకు గట్టిగ అడగవు? పెద్దమ్మకు బస్సులో టికెట్ లేదు, ఆడవాళ్లకు ఉచితం కాబట్టి. కానీ కట్టంగూర్‌లో ఎక్కి, నార్కట్‌పల్లిలో దిగి, మళ్లీ నల్లగొండ బస్సు ఎక్కేదాకా వాకర్‌తోని ఉన్న మనిషిని ఒక్కదాన్నే పంపలేం. తోడు పోయే పెద్దనాయినకు టికెట్ ఉన్నది, పోయిన రోజు కూలి లేదు. వారానికి మూడు రోజులు కూలి పోతే ఆ 2,016 ఏ మూలకు?

కాబట్టి సర్కారును అడుగుదాం. డిశ్చార్జి కాగితం తెలుగులో ఇయ్యాలె, కిడ్నీ పరీక్ష బాగలేకపోతే మొదటి లైనులోనే రాయాలె, నోటితోని చెప్పాలె. గిరిజన తండాలు ఎక్కువున్న జిల్లాల్లో పెద్దాసుపత్రి వార్డులో మన భాష వచ్చిన మనిషి ఒకరు ఉండాలె. ఫిస్టులా ఆపరేషన్‌కు హైదరాబాద్ దాకా తిప్పకుండా జిల్లాలోనే తేదీ దొరకాలె. డయాలసిస్ పేషెంటు తోడు మనిషికి కూడా బస్సు ఉచితం కావాలె. పింఛను పెంచాలె.

కానీ సర్కారు ఇచ్చేదాకా ఫైలు ఎవరు చదువుతరు? మన అమ్మానాయినలు వేలిముద్ర వేసి మనల్ని చదివించిండ్రు. వాళ్లు మన దగ్గర జీతం అడగట్లేదు ఇంకా. ఒక లైను చదివి పెట్టుమంటున్నరు.

మా రూములో మేం ఒక పని మొదలుపెట్టినం. ఒక నోట్‌బుక్ పెట్టినం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా తండాల్లో షుగరు, బీపీ ఉన్న పెద్దల పాత రిపోర్టులు అడిగి చూస్తున్నం. వాళ్లు సరేనంటేనే క్రియాటినిన్ తేదీతో సహా రాసుకుంటున్నం. పరీక్షే చేయించుకోనోళ్లను పీహెచ్‌సీకి తోలుకపోతున్నం. ఎవరన్న దవాఖానలో పడ్డరంటే పైన రాసిన ఆరు సంగతులు ఫోన్లో చదివి వినిపిస్తున్నం. మేం డాక్టర్లం కాదు, మందు చెప్పట్లేదు. అడగాల్సింది అడిగిపిస్తున్నం. దసరాకు పోయినప్పుడు మూడు తండాలు అయినయి. ఒకాయనకు క్రియాటినిన్ 2.6 వచ్చింది, ఆయనకే తెల్వదు. ఇప్పుడు కిడ్నీ డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నడు.

మీ హాస్టల్లో, మీ రూములో కూడా ఒక నోట్‌బుక్ పెట్టుండ్రి. సంక్రాంతికి ఇంటికి పోతరు కదా, బట్టల బ్యాగులో అది కూడా పెట్టుకొని పోండ్రి.

పెద్దమ్మ కుడి చేతి ఫిస్టులా ఇంకా పండుతున్నది. పోయిన ఆదివారం పోతే మా వేలు పట్టుకొని దాని మీద పెట్టింది. జుమ్ అంటున్నది.

జై సేవాలాల్. జై జోహార్.